బిల్డర్ మీ మీద స్మాల్ క్లెయిమ్ వేస్తే: కట్టేయడం, కొంత ఒప్పుకోవడం, వాదించడం, ఎదురు క్లెయిమ్ వేయడం – ఏది ఎప్పుడు?

బాత్‌రూమ్ మార్పించారు, లేదా కిచెన్, లాఫ్ట్, డ్రైవ్‌వే. పని మీకు నచ్చలేదు, చివరి విడత ఆపేశారు. బిల్డర్ కొన్నాళ్లు మెసేజ్‌లు పెట్టి, ఆ తర్వాత కౌంటీ కోర్టులో స్మాల్ క్లెయిమ్, అంటే చిన్న మొత్తాల డబ్బు దావా, వేశాడు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంటున్న మన వాళ్ల కోసమే ఇది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో ఫారాలు, గడువులు, పరిమితులు వేరు. అక్కడ ఉన్నవాళ్లు ఇందులోని అంకెలను నమ్ముకోవద్దు.

ముందే ఒక మాట. ఈ గొడవలో మీ చేతిలో ఉన్న అతి పెద్ద బలం మీరు ఇంకా కట్టని డబ్బు. చాలామంది కోపంలో పెద్ద కౌంటర్‌క్లెయిమ్ (ఎదురు క్లెయిమ్) వేసి గెలుస్తారు. తీరా చూస్తే వసూలు చేసుకోవడానికి అవతల కంపెనీ ఖాతాలో ఏమీ ఉండదు. ఆపిన డబ్బును ఆపినట్టే ఉంచుకోగలిగే జవాబు ఏదో ముందు చూసుకోండి, దానికి మించి కావాలా అన్నది తర్వాత.

గడువు లెక్క

కవరు చేతికి అందిన రోజును బట్టి గడువు లెక్కపెట్టరు. ఆన్‌లైన్‌లో వేసిన క్లెయిమ్ అయితే, దాని మీద ఉన్న ఇష్యూ తేదీకి 5 రోజులు కలిపితే మీకు అందినట్టు లెక్క. అక్కడినుంచి 14 రోజుల్లో జవాబివ్వాలి. మార్చి 3న ఇష్యూ అయితే 8న అందినట్టు, 22 లోపు జవాబు. ఆ లోపు ‘అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్’ (క్లెయిమ్ అందిందని కోర్టుకు చెప్పే ఫారం) పంపితే 14 బదులు 28 రోజులు దొరుకుతాయి, అంటే ఏప్రిల్ 5. కొత్త ఆన్‌లైన్ పద్ధతిలో దీన్నే అదనపు సమయం అడగడం అంటారు. మీరు, బిల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఇంకో 28 రోజుల దాకా పొడిగించుకుని ఆ సంగతి కోర్టుకు రాయొచ్చు. ఈ వెసులుబాటు ఉందని చాలామందికి తెలియదు. బిల్డర్లు కూడా అడిగితే తరచు ఒప్పుకుంటారు, ఎందుకంటే పొడిగింపు అడుగుతున్నవాళ్లు మాట్లాడుకోవడానికి సిద్ధంగా ఉన్నారని వాళ్లకు అర్థమవుతుంది.

ఏ దారి ఎంచుకోవాలో తేలకపోయినా అక్నాలెడ్జ్‌మెంట్ ఈ రోజే పంపండి. అది పంపినంత మాత్రాన ఏదీ ఒప్పుకున్నట్టు కాదు.

గడువు దాటిపోయినా జడ్జిమెంట్ ఇంకా ఎక్కలేదా? ఆ పూటే డిఫెన్స్, అంటే క్లెయిమ్ తప్పని వాదించే మీ రాతపూర్వక జవాబు, పంపండి. జడ్జిమెంట్ నమోదయ్యేలోపు డిఫెన్స్ కోర్టుకు చేరితే ఏకపక్ష తీర్పుకు దారి మూసుకుపోతుంది.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సిన రెండు అంకెలు

మొదటిది, ఒప్పందం ప్రకారం నిజంగా ఇంకా ఎంత బాకీ. రెండోది, చెడిపోయిన పనిని మరొకరితో సరిచేయించడానికి ఎంత. ఈ రెండూ లేకుండా ‘పని బాగాలేదు, కట్టను’ అని రాసే డిఫెన్స్ నిలబడదు.

మొదటి అంకె దగ్గరే క్లెయిమ్‌లో కలిపిన అదనాలను ఏరేయాలి. బిల్డర్లు ఇన్‌వాయిస్ టెంప్లేట్ నుంచి ఎత్తుకొచ్చే మామూలు అదనం ‘లేట్ పేమెంట్ కాంపెన్సేషన్’. బాకీని బట్టి 40, 70 లేదా 100 పౌండ్లు, దాని మీద బ్యాంక్ బేస్ రేటుకు 8 శాతం పైన వడ్డీ. ఇది 1998 నాటి చట్టం, వ్యాపారాల మధ్య బాకీలకే వర్తిస్తుంది. ఇంటి యజమానిగా పని చేయించుకున్న మీ మీద చెల్లదు. మీ మీద అడగగలిగేది, ఒప్పందంలో వడ్డీ మాట లేకపోతే, 1984 కౌంటీ కోర్ట్స్ చట్టం సెక్షన్ 69 కింద వడ్డీ మాత్రమే. సాధారణంగా ఏడాదికి 8 శాతం బారువడ్డీ అడుగుతారు, ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. 2,400 పౌండ్ల మీద అది రోజుకు 53 పెన్నీలు.

రెండో అదనం ‘ఎక్స్‌ట్రాలు’. కొటేషన్ అంటే ఖాయమైన ధర, ఎస్టిమేట్ అంటే అంచనా. ఇచ్చింది కొటేషనే అయితే, పని మధ్యలో ఒప్పుకున్న మార్పులకు తప్ప అదనం అడిగే హక్కు లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ ధరకు ఒప్పుకున్నారో చూపాల్సిన బాధ్యత బిల్డర్‌ది. కానీ వాట్సాప్‌లో మీరు ‘ఓకే, గో అహెడ్’ అని పెట్టి, ధర మాట్లాడకపోతే, 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం సెక్షన్ 51 ప్రకారం ఆ పనికి సమంజసమైన ధర కట్టాలి. అక్కడ వాదన ధర మీదే, పని మీద కాదు.

మూడోది వ్యాట్. క్యాష్ అయితే ఇంత అని మాట్లాడుకుని, గొడవ వచ్చాక క్లెయిమ్‌లో 20 శాతం కలపడం మామూలే. వ్యాట్ నంబర్ లేనివాడు వ్యాట్ అడగలేడు. నంబర్ ఇచ్చి ఉంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నిమిషంలో సరిచూసుకోవచ్చు.

ఇంకా క్లెయిమ్ వేసింది ఎవరో చూడండి. మీరు ఒప్పందం చేసుకున్నది లిమిటెడ్ కంపెనీతో, క్లెయిమ్ వేసింది దాని డైరెక్టర్ సొంత పేరు మీద అయితే అది డిఫెన్స్‌లో మొదటి పాయింట్. కంపెనీస్ హౌస్‌లో (ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్) పేరు వెతికితే కంపెనీ బతికే ఉందా, రద్దయిందా, ఖాతాలు ఏం చెబుతున్నాయి అన్నది ఉచితంగా కనిపిస్తుంది. ఆ పేజీ దాచుకోండి, కౌంటర్‌క్లెయిమ్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఒక లెక్క పట్టుకుని ముందుకెళ్దాం. బాత్‌రూమ్ కొటేషన్ 8,000 పౌండ్లు. మీరు 5,600 కట్టారు, 2,400 ఆపారు. బిల్డర్ దానికి 600 ఎక్స్‌ట్రాలు, 70 లేట్ పేమెంట్ కలిపి 3,070కి క్లెయిమ్ వేశాడు. షవర్ నేల వాలు తప్పింది, నీళ్లు డ్రెయిన్ వైపు పోకుండా తలుపు దగ్గర నిలుస్తున్నాయి. ఎలక్ట్రికల్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. టైల్స్ తీసి వాలు సరిచేసి మళ్లీ వేయడానికి మరో ఫిట్టర్ రాసిచ్చిన ధర 1,600, వైరింగ్ పరీక్షించి రిపోర్ట్ ఇవ్వడానికి ఎలక్ట్రీషియన్ 200. అంటే సరిచేసే ఖర్చు 1,800. ఎక్స్‌ట్రాలు నిరూపణ కాకపోతే మీరు నిజంగా బాకీ 600, అయితే 1,200.

కట్టేయడం

జవాబు గడువులోపు మొత్తం కడితే జడ్జిమెంట్ ఉండదు, క్రెడిట్ రికార్డు మీద మచ్చ ఉండదు. డబ్బు బిల్డర్‌కే పంపాలి, కోర్టుకు కాదు. క్లెయిమ్ ఫీజు కూడా కలిపి కట్టాలి. ఫీజు క్లెయిమ్ మొత్తాన్ని బట్టి మారుతుంది: 1,500 నుంచి 3,000 దాకా 115 పౌండ్లు, 3,000 దాటి 5,000 దాకా 205, ఆపైన 10,000 దాకా 455.

సరిచేసే ఖర్చు బాకీలో చిన్న భాగమే అయినప్పుడు, రుజువు బలహీనంగా ఉన్నప్పుడు, లేదా రెండు మూడు నెలల్లో మార్ట్‌గేజ్ డీల్ ముగుస్తున్నప్పుడు ఇదే తెలివైన దారి. 300 పౌండ్ల కోసం రెండు రోజుల సెలవు, నెలల తరబడి తలనొప్పి పెట్టుకోవడం మంచిది కాదు. మన లెక్కలో మాత్రం ఇది చెడ్డ బేరం, ఎందుకంటే 600 నుంచి 1,200 ఇవ్వాల్సిన చోట 3,275 పోతుంది.

ఊరుకోవడం

ఇది ఎంపిక కాదు గానీ, ఎక్కువమంది చేసేది ఇదే. ‘వాడి దగ్గర ఏ కాగితం లేదు, ఏం చేస్తాడు’ అనుకుంటారు. గడువు దాటాక బిల్డర్ ఒక ఫారం నింపితే చాలు, ఎవరూ వాదన వినకుండానే తీర్పు వస్తుంది. అది కౌంటీ కోర్టు జడ్జిమెంట్‌గా, అంటే సీసీజేగా, రిజిస్టర్‌లో ఎక్కుతుంది. నెలలోపు మొత్తం కడితే చెరిపేస్తారు, లేకపోతే 6 ఏళ్లు ఉంటుంది. దాన్ని కొట్టివేయించాలంటే దాదాపు 300 పౌండ్ల ఫీజుతో దరఖాస్తు పెట్టాలి, గెలిచే అవకాశం ఉన్న డిఫెన్స్ ఉందని, తెలియగానే ఆలస్యం చేయకుండా వచ్చానని చూపాలి.

మామూలు ఉత్తరం ఒకటి, స్టాట్యుటరీ డిమాండ్ ఒకటి, ఈ రెండూ వేరని కూడా తెలియాలి. స్టాట్యుటరీ డిమాండ్ దివాలాకు తొలిమెట్టు. బాకీ 5,000 పౌండ్లు, ఆపైన ఉంటేనే మిమ్మల్ని దివాలా తీయించమని అడగగలరు. బాకీ మీద నిజమైన వివాదం ఉంటే 18 రోజుల్లో దాన్ని కొట్టివేయమని కోర్టును అడగాలి. కలెక్షన్ ఏజెన్సీ ఉత్తరానికి మాత్రం కోర్టు బలం ఏదీ లేదు, ‘బాకీ వివాదంలో ఉంది’ అని ఒక ఈమెయిల్ పంపితే చాలు.

కొంత ఒప్పుకోవడం

600 ఇస్తాను, మిగతాది ఇవ్వను అనుకుంటే రెండు పద్ధతులున్నాయి. మామూలుగా జనం చేసేది ఎన్9ఏ ఫారంలో 600 ఒప్పుకుని ఎన్9బీలో మిగతాదానికి డిఫెన్స్ రాయడం. బిల్డర్ ఆ 600తో సరే అంటే ఆ మొత్తానికి జడ్జిమెంట్ వస్తుంది, నెలలోపు కట్టకపోతే అదీ సీసీజేగా మిగులుతుంది. అతను కాదంటే మొత్తం కేసు ముందుకు సాగుతుంది.

మేము ఎక్కువగా చెప్పేది రెండోది: ఒప్పుకునే మొత్తాన్ని జవాబిచ్చే ముందే బిల్డర్ ఖాతాకు బదిలీ చేసి, పే రిఫరెన్స్‌లో ఇన్‌వాయిస్ నంబర్ పెట్టి, డిఫెన్స్‌లో ‘ఇంత కట్టేశాను, మిగతాది బాకీ లేదు’ అని రాయడం. ఒప్పుకోలు తీర్పు ఉండదు, ఆ మొత్తం మీద వడ్డీ ఆగిపోతుంది, మీరు మొండికేసిన మనిషి కాదని జడ్జికి మొదటి పేజీలోనే తెలుస్తుంది. దీంట్లో ఒక్కటే లోటు. తర్వాత సరిచేసే ఖర్చు ఇంకా పెరిగితే ఆ 600 వెనక్కి రావడం కష్టం. అందుకే రెండో ఫిట్టర్ కొటేషన్ చేతికి రాకుండా పైసా పంపొద్దు.

వాయిదాల మీద కట్టాలనుకునే వాళ్లకు మాత్రం ఎన్9ఏనే దారి, ఆదాయం, ఖర్చులు అందులో రాయాలి.

సెటాఫ్‌తో డిఫెన్స్, లేక కౌంటర్‌క్లెయిమ్?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఎన్9బీ ఫారంలో డిఫెన్స్‌కు, కౌంటర్‌క్లెయిమ్‌కు వేర్వేరు గడులున్నాయి. ‘నాకూ నష్టం జరిగింది కదా’ అని జనం నేరుగా కౌంటర్‌క్లెయిమ్ గడి నింపి, ఫీజు కడతారు. అవసరం లేదు. మీ నష్టం వాళ్లు అడిగేదానికి సమానంగానో తక్కువగానో ఉంటే దాన్ని సెటాఫ్‌గా, అంటే బాకీలోంచి తీసేయాల్సిన మొత్తంగా, డిఫెన్స్‌లోనే రాయొచ్చు. ఫీజు సున్నా. మన లెక్కలో 1,800 నష్టం 2,400 బాకీలోంచి తీసేయమని అడగడమే మీ పని.

నష్టం బాకీని దాటితేనే కౌంటర్‌క్లెయిమ్ ఆలోచించాలి. సరిచేసే ఖర్చు 3,900 అనుకోండి. 2,400 దాకా సెటాఫ్, పైనున్న 1,500కి కౌంటర్‌క్లెయిమ్. ఫీజు ఆ 1,500 మీదే, 80 పౌండ్లు. మొత్తం 3,900 కౌంటర్‌క్లెయిమ్‌గా రాస్తే 205 అవుతుంది. తక్కువ ఆదాయం, బెనిఫిట్స్ మీద ఉన్నవాళ్లు ఫీజు మినహాయింపు కోసం ఈఎక్స్160 ఫారం పెట్టుకోవచ్చు.

కౌంటర్‌క్లెయిమ్‌కు సెటాఫ్‌కు లేని రెండు గుణాలున్నాయి. బిల్డర్ భయపడి క్లెయిమ్ వెనక్కి తీసుకున్నా మీ కౌంటర్‌క్లెయిమ్ బతికే ఉంటుంది. సెటాఫ్ క్లెయిమ్‌తోపాటే పోతుంది. ఇంకా, కౌంటర్‌క్లెయిమ్‌కు బిల్డర్ తిరిగి జవాబివ్వాలి, ఇవ్వకపోతే మీరే ఏకపక్ష తీర్పు అడగొచ్చు. సొంత పేరు మీద పనిచేసే, ఇల్లూ వ్యాను ఉన్న బిల్డర్ మీద ఇవి విలువైనవే. నిన్న మొన్న పెట్టిన, ఖాతాల్లో వంద పౌండ్లు చూపే లిమిటెడ్ కంపెనీ మీద గెలిచిన 1,500 తీర్పు కాగితంగానే మిగిలిపోతుంది. కంపెనీస్ హౌస్ పేజీ చూసుకోమన్నది ఇందుకే.

కౌంటర్‌క్లెయిమ్‌ను 10,000 దాటించొద్దు. దాటితే కేసు స్మాల్ క్లెయిమ్స్ ట్రాక్ నుంచి బయటికి పోవచ్చు, అక్కడ ఓడినవాళ్లు ఎదుటివాళ్ల లాయర్ ఖర్చులు కూడా భరించాలి. చిన్న ట్రాక్‌లో ఓడితే మీ మీద పడేదానికి హద్దుంది: క్లెయిమ్ ఫీజు, హియరింగ్ ఫీజు (1,500 నుంచి 3,000 దాకా 181, ఆపైన 346), క్లెయిమ్ వేయడానికి లాయర్‌కు నిర్ణీతమైన చిన్న మొత్తం, ప్రయాణ ఖర్చు, రోజుకు 95 పౌండ్ల దాకా పోయిన జీతం, అనుమతిచ్చిన ఎక్స్‌పర్ట్‌కు 750 దాకా. మన 3,070 క్లెయిమ్ పూర్తిగా ఓడినా ఫీజులతో 3,621, దానిమీద వడ్డీ, చిల్లర. అసమంజసంగా ప్రవర్తిస్తేనే ఇంకా ఎక్కువ వేస్తారు.

కేసు హియరింగ్ దాకా వెళ్లి ఓడితే సీసీజే భయం ఎంత? ఏకపక్ష తీర్పు, ఒప్పుకోలు తీర్పు వెంటనే రిజిస్టర్‌కు ఎక్కుతాయి. ఇరుపక్షాలను విని ఇచ్చిన తీర్పు సాధారణంగా ఎక్కదు, బిల్డర్ వసూలు చర్య మొదలుపెట్టినప్పుడో, మీరు వాయిదాలు అడిగినప్పుడో తప్ప. తీర్పులో చెప్పిన గడువుకు కట్టేస్తే మీ క్రెడిట్‌కు ఏమీ కాదు. ‘వాదిస్తే రికార్డు పాడవుతుంది, కట్టేయ్’ అని స్నేహితులు ఇచ్చే సలహా నిజానికి తలకిందులు.

నష్టానికి కోర్టు ఎలా వెలకడుతుంది

చట్టం అడిగేది సమంజసమైన శ్రద్ధ, నైపుణ్యం, అంతే. 2015 చట్టం సెక్షన్ 49లో ఉన్న మాట అదే. పర్ఫెక్షన్ కాదు. గ్రౌట్ రంగు కాస్త తేడా వచ్చిందని 2,400 ఆపితే జడ్జి మొహం చిట్లిస్తారు.

పాత కేసులు మూడు ఈ విషయం బాగా తేల్చి చెబుతాయి. 1952 నాటి హోనిగ్ వర్సెస్ ఐజాక్స్‌లో 750 పౌండ్ల ఇంటి అలంకరణ పనిలో దాదాపు 56 పౌండ్ల లోపాలున్నాయి. కోర్టు ఆ 56 తీసేసి మిగతాది కట్టమంది. 1972లో బోల్టన్ వర్సెస్ మహదేవ. 560 పౌండ్లకు సెంట్రల్ హీటింగ్ పెట్టారు, ఇల్లు సరిగా వెచ్చబడలేదు, పొగ వాసన కొట్టింది. సరిచేయడానికి 174 పౌండ్లు. అక్కడ పని దాదాపుగా పూర్తయిందని కూడా అనలేమని తేల్చి, బిల్డర్‌కు పైసా ఇవ్వలేదు. తేడా లోపాల విలువలోనూ ఉంది, ఆ పని అసలు పనికొచ్చిందా లేదా అన్నదాంట్లోనూ ఉంది. మీ షవర్ వాడగలుగుతున్నారంటే మొదటి కేసు దారి మీది. నీళ్లు కింది గదిలోకి కారి బాత్‌రూమే మూసేశారంటే రెండోదాన్ని పట్టుకోవచ్చు.

మూడోది 1995లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లిన రక్స్‌లీ వర్సెస్ ఫోర్సైత్. ఈతకొలను లోతు 7 అడుగుల 6 అంగుళాలు ఉండాలని ఒప్పందం. కట్టింది 6 అడుగుల 9 అంగుళాలు. తవ్వి మళ్లీ కట్టడానికి 21,560 అడిగారు. కొలను వాడకానికి బాగానే ఉందని ఆ మొత్తం ఇవ్వకుండా, ఆనందం కోల్పోయినందుకు 2,500 ఇచ్చారు. చిన్న తేడాకు మొత్తం పని పీకించి కొత్తగా వేయించే ఖర్చు అడిగే ప్రతి కౌంటర్‌క్లెయిమ్‌కు ఎదురొచ్చే గోడ ఇదే.

ఇంకో పొరపాటు దాదాపు ప్రతి కేసులో కనిపిస్తుంది. అదే 2015 చట్టం సెక్షన్ 55 ప్రకారం మొదట సరిచేయమని అడిగే హక్కు మీకుంది, అది కుదరనప్పుడు, లేదా సమంజసమైన సమయంలో చేయనప్పుడు సెక్షన్ 56 కింద ధర తగ్గింపు. బిల్డర్ వచ్చి సరిచేస్తానంటే మీరు తలుపు తీయకపోతే, బయటి ఫిట్టర్ అడిగిన 1,600 బదులు బిల్డర్‌కు తనకు తానుగా చేస్తే అయ్యే ఖర్చు వరకే, బహుశా 500, తగ్గించవచ్చు. కాబట్టి ఇంకా ఆలస్యం కాకపోతే ఈ రోజే ఒక ఈమెయిల్ పెట్టండి: లోపాలు ఇవి, 14 రోజుల్లో ఫలానా తేదీలలో వచ్చి సరిచేయండి, లేకపోతే వేరేవాళ్లతో చేయిస్తాను. నమ్మకం పూర్తిగా పోయిందంటే ఎందుకు పోయిందో రాయండి. ప్రమాదకరమైన వైరింగ్, దురుసు ప్రవర్తన కారణాలవుతాయి. ‘మనసు ఒప్పలేదు’ అనేది కారణం కాదు.

సర్టిఫికెట్లు మరిచిపోకండి. గ్యాస్ పనికి గ్యాస్ సేఫ్, కిటికీలకు ఫెన్సా (కిటికీల పనిని ధృవీకరించే పథకం) లేదా బిల్డింగ్ కంట్రోల్, లాఫ్ట్‌కు కంప్లీషన్ సర్టిఫికెట్. ఇవి లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయర్ ఆపేస్తారు. కౌన్సిల్‌తో రెగ్యులరైజేషన్ (అయిపోయిన పనికి తర్వాత ఆమోదం) చేయించే ఫీజును నష్టంగా చూపొచ్చు, అంకె కాగితం మీద ఉండటంతో జడ్జికి ఒప్పుకోవడం తేలిక.

రద్దు నోటీసు వాదన

2013 కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్స్ కింద ఒక బలమైన డిఫెన్స్ ఉంది. మీ ఇంట్లో కూర్చుని ఒప్పందం చేసుకుంటే, 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉందని బిల్డర్ రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఆ గడువు ఏడాది దాకా పొడుగవుతుంది, ఆ కాలంలో చేసిన సేవకు మీ దగ్గర వసూలు చేసే హక్కు కూడా కోల్పోవచ్చు. వినడానికి ఇదే బ్రహ్మాస్త్రంలా ఉంటుంది. కానీ బిల్డర్ కేవలం కొలతలు తీసుకుని వెళ్లి, తర్వాత ఈమెయిల్‌లో కొటేషన్ పంపితే, మీరు అక్కడినుంచి ఒప్పుకుంటే, అది ఇంట్లో జరిగిన ఒప్పందం కాదనే వాదన ఉంది. పైపు పగిలినప్పుడు మీరే పిలిపించుకున్న అత్యవసర రిపేర్లకు రద్దు హక్కు ఉండదు. పని బాగానే చేసినవాడికి ఏమీ ఇవ్వకుండా తప్పించుకోవడానికి దీన్ని ముందు పెడితే మీడియేషన్‌లో (మధ్యవర్తి ద్వారా రాజీ) మాటలు తెగిపోతాయి. రాయండి, కానీ మూడో పాయింట్‌గా.

డిఫెన్స్ రాసే తీరు

క్లెయిమ్‌లోని ప్రతి వాక్యానికీ మూడింట్లో ఒక జవాబు: ‘ఒప్పుకుంటున్నాను’, ‘కాదు, ఎందుకంటే...’, లేదా ‘నాకు తెలియదు, నిరూపించాలి’. జవాబివ్వకుండా వదిలేసిన ఆరోపణ ఒప్పుకున్నట్టే లెక్క అయ్యే ప్రమాదముంది. తర్వాత లోపాలు నంబర్లతో, ఒక్కోదానికి సరిచేసే ధర, చివర మొత్తం, సెటాఫ్ అడుగుతున్నానని ఒక వాక్యం. రెండు మూడు పేజీలు దాటొద్దు. బిల్డర్ మీ పక్కింటావిడతో ఏమన్నాడో ఇక్కడ అక్కర్లేదు. చివర సత్య ప్రకటన కింద సంతకం. తెలిసి అబద్ధం రాస్తే కోర్టు ధిక్కారం.

మీడియేషన్: అసలు బేరం ఇక్కడే

2024 మే 22 నుంచి ఇలాంటి డబ్బు క్లెయిమ్‌లకు కోర్టు ఉచిత మీడియేషన్ తప్పనిసరి అయింది. గంటసేపు ఫోన్‌లో, మీడియేటర్ ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. మీరిద్దరూ ఒకరినొకరు వినరు. అక్కడ అన్నది ఏదీ జడ్జికి చేరదు. ఫోన్ ఎత్తకపోతే మాత్రం జరిమానా మొదలు డిఫెన్స్ కొట్టివేయడం దాకా జరగొచ్చు. ఆ రోజు ఆఫీసులో ఉంటే మీటింగ్ రూమ్ ముందే బుక్ చేసుకోండి.

మన లెక్కలో 600కి, 1,200కి మధ్య ఎక్కడో తెగుతుంది. మొదట 500 అనండి, 900 దగ్గర ఆగండి. బిల్డర్ ఇంకా హియరింగ్ ఫీజు కట్టలేదన్నది గుర్తుంచుకోండి. కట్టకపోతే అతని క్లెయిమే కొట్టేస్తారు. ఒప్పందం కుదిరితే రాతలో ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని, క్లెయిమ్ ఫీజు ఎవరిదో, సర్టిఫికెట్లు ఏ తేదీకి ఇవ్వాలో ఉండేలా చూసుకోండి. సర్టిఫికెట్ సంగతి మరిచిపోయి డబ్బు మాత్రమే రాసుకుని తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ.

హియరింగ్‌కు వెళ్లాల్సి వస్తే

మీరు వ్యక్తిగా ప్రతివాది కాబట్టి కేసు సాధారణంగా మీ ఇంటి దగ్గరి కౌంటీ కోర్టుకు వస్తుంది, బిల్డర్‌కు దగ్గరి కోర్టుకు కాదు. గెలిపించేవి ఫొటోలు కావు, రెండో ఫిట్టర్ రాసిచ్చిన రెండు పేజీలు: ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, ఏం చేయాలి, ఒక్కో పనికి ఎంత. ‘చాలా చెత్త పని’ అని రాసిచ్చిన కాగితం కంటే ‘నేల డ్రెయిన్ నుంచి తలుపు వైపు మీటరుకు 8 మిల్లీమీటర్లు దిగింది’ అన్న వాక్యం విలువైనది. స్పిరిట్ లెవెల్, టేప్ ఫ్రేమ్‌లో ఉండేలా ఫొటో తీయండి, నీళ్లు పోసి 30 సెకన్ల వీడియో తీయండి. అధికారిక ఎక్స్‌పర్ట్ కావాలంటే కోర్టు అనుమతి ఉండాలి. 3,000 కేసులో జడ్జి సాధారణంగా ఇవ్వరు.

మన దగ్గర మామూలుగా కనిపించే చిక్కు వేరే ఉంది. బిల్డర్ కూడా తెలుగువాడే, కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో దొరికాడు, మాటలన్నీ తెలుగులో, డబ్బు క్యాష్‌లో. ఆ మెసేజ్‌లు సాక్ష్యంగా పనికొస్తాయి, కానీ ఒక్కో మెసేజ్ కింద ఇంగ్లీష్ అనువాదం పెట్టాలి. వాయిస్ నోట్ అయితే తేదీ, సమయంతో మాటలు రాసి, అనువదించాలి. క్యాష్‌కు రసీదు లేకపోతే ఏటీఎం విత్‌డ్రాయల్ ఉన్న బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆ రోజు ‘అందింది అన్నా’ అని వచ్చిన మెసేజ్ పక్కపక్కన పెట్టండి. అవి రెండూ కలిస్తే చాలా జడ్జిలు నమ్ముతారు. ఇంగ్లీష్‌లో మాట్లాడటానికి ఇబ్బంది ఉంటే, మీరు హాజరై ఉండగా మీ తరఫున స్నేహితుడో, పిల్లలో మాట్లాడటానికి స్మాల్ క్లెయిమ్స్‌లో అనుమతిస్తారు.

ఇండియా ప్రయాణం ఉంటే, ముఖ్యంగా స్కూల్ సెలవుల్లో ఆరు వారాలు, ఇంటి తాళం వేసే ముందు ఒకరికి ఉత్తరాలు తెరిచే పని అప్పగించండి. క్లెయిమ్ మీ చివరి తెలిసిన చిరునామాకు పంపితే, మీరు హైదరాబాద్‌లో ఉన్నా అందినట్టే. ఇల్లు మారితే బిల్డర్‌కు కొత్త చిరునామా ఒక ఈమెయిల్‌లో చెప్పి, అది దాచుకోండి. పాత ఇంటికి వచ్చిన క్లెయిమ్ మీద పడ్డ తీర్పును కొట్టివేయించడానికి ఆ ఈమెయిల్ కంటే మంచి కాగితం ఉండదు.